డైనోసార్లు, శిలాజాల పాఠానికి ఏ యాక్టివిటీ ఎంచుకోవాలి?

డైనోసార్ల గురించి చెబుతామంటే వద్దనే పిల్లలు ఉండరు. అందుకే ఈ పాఠంలో టీచర్‌కి వాళ్ళని కూర్చోబెట్టడం కష్టం కాదు. ఏ పని చేయించాలో తేల్చుకోవడమే కష్టం. ప్లాస్టర్‌తో అచ్చులు పోయించాలా, ఇసుకలో బొమ్మలు పాతి తవ్వించాలా, తాడు పరిచి కాలం లెక్క చూపించాలా, బస్సు మాట్లాడి మ్యూజియంకి తీసుకెళ్ళాలా? అన్నీ చేయించే టైమూ డబ్బూ ఏ స్కూల్లోనూ ఉండవు. సిలబస్ టెన్షన్ ఎటూ ఉండనే ఉంటుంది. ఒకటో రెండో ఎంచుకోక తప్పదు.

నేను చూసే మొదటి విషయం ఇది: ఆ పని అయిపోయాక "ఇది మనకెలా తెలిసింది?" అని అడిగితే పిల్లలు ఏమైనా చెప్పగలరా? టీ. రెక్స్, ట్రైసెరాటాప్స్ పేర్లు వాళ్ళకి మనకంటే బాగా వచ్చు. ఏది ఎంత పొడుగో, ఏది ఏం తింటుందో గడగడా చెప్పేస్తారు. ఏ మనిషీ కళ్ళతో చూడని జంతువు గురించి ఇంత నమ్మకంగా ఎలా మాట్లాడగలుగుతున్నామన్నది మాత్రం వాళ్ళకి ఎవరూ చెప్పరు. శిలాజాల పాఠంలో ఉన్న సారమంతా అక్కడే ఉంది. ఆ లెక్కన చూస్తే, చూడ్డానికి గొప్పగా ఉండే పనులు కొన్ని వెనక్కి పోతాయి. పైసా ఖర్చు లేనివి కొన్ని ముందుకొస్తాయి.

పాఠం ఏ జంతువుతో మొదలుపెట్టాలన్నది కూడా ఎంపికే. తెలుగు పిల్లలకైతే అమెరికా డైనోసార్ల కంటే ముందు ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన వాటి గురించి చెప్పాలి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు తవ్వితే వచ్చిన ఎముకలకి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఊరి పేరే జంతువు పేరైంది. అదే లోయలో కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకి దొరికిన మరో పెద్ద శాకాహారికి 1975లో బరపాసారస్ టాగొరై అని పేరొచ్చింది. తవ్వకాలు మొదలైన 1961 రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సంవత్సరం. ఈ రెండు పేర్లూ బోర్డు మీద రాస్తే చాలు, "సార్, మన దగ్గర కూడా ఉన్నాయా?" అన్న ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. పాఠం అక్కడి నుంచి దానంతటదే నడుస్తుంది.

అచ్చు పోయడమా, స్పాంజి రాయి చేయడమా?

ఎక్కువ స్కూళ్ళలో చేయించేది ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అచ్చు. మట్టిని అరచేయంత బిళ్ళగా ఒత్తి, మీద ఆల్చిప్పనో రావి ఆకునో నొక్కి తీసి, ఆ గుంటకి కొద్దిగా కొబ్బరినూనె రాసి, చుట్టూ అట్టముక్కతో గోడ కట్టి ప్లాస్టర్ పోస్తారు. అరగంటకి గట్టిపడుతుంది. మట్టి విడదీస్తే ఆల్చిప్ప గీతలతో సహా బయటికొస్తుంది. మట్టికి ఇబ్బంది లేదు. కుమ్మరుల దగ్గర దొరుకుతుంది, వినాయక చవితి అప్పుడైతే ఊరంతా దొరుకుతుంది. రావి ఆకు ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని ఈనెలు వెనకవైపు బాగా ఉబ్బి ఉంటాయి కాబట్టి ఆ వైపు నొక్కితే ముద్ర స్పష్టంగా పడుతుంది. వేపాకు సన్నగా ఉండి అంత బాగా పడదు.

ఈ పనిలో మంచి విషయం ఒకటి పిల్లల చేతికి తెలుస్తుంది. జంతువు మాయమైపోయినా మట్టిలో గుంట మిగులుతుంది, ఆ గుంటని తర్వాత వేరే పదార్థం నింపితే మళ్ళీ ఆ ఆకారం వస్తుంది. ఉబ్బు గుంటగా, గుంట ఉబ్బుగా మారడం వేలితో తడిమి చూస్తారు. "అసలు ఆల్చిప్ప ఇందులో ఉందా?" అని అడగండి. లేదు. ఉన్నది దాని ఆకారమే. చాలా నత్తగుల్లల శిలాజాలు ఇలాంటివే.

లోపం కూడా ఉంది. ఇదొక్కటే చేయించి ఆపేస్తే, శిలాజం అంటే అరగంటలో గట్టిపడే తెల్లటి బొమ్మ అని పిల్లల మనసులో ఉండిపోతుంది. ఎముక రాయిగా ఎలా మారుతుందన్నది ఇందులో అసలు లేదు. కోటాసారస్ ఎముకలు అచ్చుగుద్దిన ఆకారాలు కావు, ఖనిజాలు పట్టి రాయైన నిజమైన ఎముకలు.

దానికి స్పాంజి ప్రయోగం బాగా పనికొస్తుంది. గిన్నెలు తోమే మెత్తటి స్పాంజిని ఎముక ఆకారంలో కత్తిరించి, గోరువెచ్చటి నీళ్ళలో ఇక కరగనంత వరకు ఉప్పు వేసి, అందులో నానబెట్టి, పళ్ళెంలో పెట్టి ఎండలో ఆరబెట్టాలి. ఆరాక మళ్ళీ నానబెట్టి మళ్ళీ ఎండబెట్టాలి. పక్కనే ఉప్పు తగలని స్పాంజి ముక్క ఒకటి ఉంచండి. కొన్ని రోజులకి ఒకటి నొక్కితే నొక్కుకుంటుంది, ఇంకోటి గట్టిపడి బరువెక్కి ఉంటుంది. రంధ్రాల్లోకి నీళ్ళు వెళ్ళాయి, నీళ్ళు పోయాయి, ఉప్పు మిగిలింది. భూమిలో కూడా నీటితో పాటు వచ్చిన సిలికా, కాల్సైట్ లాంటి ఖనిజాలు ఎముక రంధ్రాల్లో ఇలాగే పేరుకుంటాయి, చాలా నిదానంగా. ఈ ఒక్క ప్రయోగం చూసిన పిల్లలు మ్యూజియంలో శిలాజపు ఎముక ఎందుకంత బరువో తామే చెబుతారు.

అందుకే రెండిట్లో ఒకటే చేయగలిగితే నేను స్పాంజి వైపే మొగ్గుతాను. అయితే అది ఎండని బట్టి ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా చక్కగా ఆరుతుంది. జూలై, ఆగస్టుల్లో గాలిలోని తేమని ఉప్పు పీల్చుకుని స్పాంజి మళ్ళీ చెమ్మగిల్లుతుంది. కోస్తా ఊళ్ళలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మైదా, ఉప్పు కలిపిన ముద్దతో చేసే అచ్చులకీ ఇదే జబ్బు. వానాకాలంలో పాఠం వస్తే ప్లాస్టరే నయం.

ప్లాస్టర్ వాడేటప్పుడు జాగ్రత్తలు తప్పనిసరి. రెండు వంతుల పొడికి ఒక వంతు నీళ్ళు. నీళ్ళలోకి పొడి వేయాలి, పొడిలోకి నీళ్ళు పోయకూడదు. కలపడం టీచర్ పనే, అదీ కిటికీలు తెరిచి, ముక్కుకి గుడ్డ కట్టుకుని. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ బాగా వేడెక్కుతుంది. చేతి అచ్చు తీస్తామని పిల్లల చేతుల్ని ప్లాస్టర్‌లో ముంచనివ్వకండి, చర్మం కాలిపోతుంది. మిగిలిన ముద్ద సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది. న్యూస్ పేపర్ మీదకి గీకి చెత్తలో వేయాలి. మూడో తరగతి లోపు పిల్లలకి ప్లాస్టర్ వద్దనే అంటాను. వాళ్ళకి మట్టిలో ముద్ర వేయడమే చాలు.

తవ్వకం: కొన్న కిట్టా, మీరు తయారుచేసిన ట్రేనా?

షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే తవ్వకం కిట్లు పుట్టినరోజు బహుమతిగా బాగుంటాయి. తరగతికి పనికిరావు. ఒక దిమ్మ, లోపల ఒక బొమ్మ, ఒక పిల్లాడు. మిగతా వాళ్ళు చూస్తూ కూర్చోవాలి. దుమ్ము బాగా లేస్తుంది. ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు గానీ, ఆ దిమ్మలోంచి పూర్తి అస్థిపంజరం ఒక్క ముక్కగా, పక్కటెముకతో సహా చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. నిజంగా అలా జరగడం చాలా అరుదు. పిల్లలకి తప్పు సంగతి నేర్పడానికి వందల రూపాయలు పెట్టక్కర్లేదు.

యామన్‌పల్లి దగ్గర జరిగింది చూడండి. అక్కడ దాదాపు 840 ఎముకలు, ఎముక ముక్కలు దొరికాయి. అవన్నీ ఒక జంతువువి కావు, కనీసం 12 జంతువులవి, కలగాపులగంగా ఉన్నాయి. వాటిలోంచి ఏరి, పోల్చి, కూర్చి నిలబెట్టిందే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మనం చూసే అస్థిపంజరం. తల ఎముక అయితే దొరకనే లేదు. బరపాసారస్‌కీ అంతే. కనీసం ఆరు జంతువులకి చెందిన 300 దాకా ఎముకలు దొరికాయి గానీ పుర్రె లేదు, కొన్ని పళ్ళు మాత్రం ఉన్నాయి. ఆ పళ్ళని బట్టే అది ఆకులు తినేదని చెప్పగలిగారు.

మీ ట్రే కూడా అలాగే ఉండాలి. పెద్ద ప్లాస్టిక్ టబ్బు గానీ, గోడవారగా ఇటుకలు పేర్చిన మడి గానీ తీసుకుని ఇసుక, కొంచెం బంకమట్టి కలిపి నింపండి. అట్ట మీద గీసి కత్తిరించిన ఎముకలు, లేకపోతే మట్టితో చేసి ఎండబెట్టినవి పాతండి. రెండు జంతువులవి కలిపి పాతండి. ఒక జంతువు పుర్రె దాచేయండి, అసలు పెట్టకండి. పైన దారంతో అడ్డంగా నిలువుగా గళ్ళు కట్టి, ఒక్కో గడికి అ1, అ2, ఆ1, ఆ2 అని పేర్లు పెట్టండి.

ఇక పిల్లల్ని జట్లుగా విడదీసి పనులు పంచాలి. ఇద్దరు చీపురుపుల్లతో, పాత పెయింట్ బ్రష్‌తో తవ్వుతారు. ఒకరు స్కేలుతో లోతు కొలుస్తారు. ఒకరు ఏ గడిలో ఏది ఏ దిక్కుకి తిరిగి ఉందో గ్రాఫ్ కాగితం మీద గీస్తారు. అందరూ తవ్వడానికే ఎగబడతారు, గీసే పని ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ టీచర్ గట్టిగా నిలబడాలి: గీయకుండా ఏ ఎముకా పైకి తీయకూడదు. పక్కపక్కన దొరికినవి ఒకే జంతువువి కావచ్చన్న ఆలోచన ఆ గ్రాఫ్ కాగితం చూశాకే వస్తుంది. ఎముకలు అన్నీ బయటికి లాగేశాక ఆ సమాచారం మళ్ళీ రాదు. శాస్త్రవేత్తలు నెలల తరబడి ఎండలో కూర్చుని ఎందుకు గీస్తారో పిల్లలకి ఆ పూట అర్థమవుతుంది.

దీనికి రెండు పీరియడ్లు కలిపి కావాలి, ఒక పెద్ద మనిషి అదనంగా ఉంటే మేలు. నలభై మంది ఉన్న క్లాసులో ఒకే ట్రే పెడితే గొడవ తప్పదు. నాలుగు ట్రేలు పెట్టలేకపోతే దీన్ని వదిలేసి, ఇదే ఆలోచనని కాగితం మీద నడిపించే ఎముకల కవరు ఆడించండి.

ఎముకల కవరు

నాకు బాగా నచ్చింది ఇదే, అందులోనూ ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా. ఒక జంతువు ఎముకల బొమ్మలు విడివిడిగా కత్తిరించి కవర్లో వేసి జట్టుకొకటి ఇస్తారు. మొదటి విడత నాలుగైదు ఎముకలే బయటికి తీయాలి. అవి చూసి అది ఏ జంతువో ఊహించి, ఎందుకనుకుంటున్నారో ఒక వాక్యం రాయాలి. రెండో విడత ఇంకొన్ని. మూడో విడత ఇంకొన్ని. చివరికి కూడా కొన్ని ఎముకలు కవర్లో ఉండవు.

మొదటి విడతలో "చేప" అన్న జట్టు రెండో విడతకి "పక్షి" అంటుంది, మూడోసారికి రెక్క ఉన్నా అది పక్షి కాదని వాదనకి దిగుతుంది. టీచర్ జవాబు చెప్పకూడదు. "ముందు అలా ఎందుకన్నారు? ఇప్పుడు ఏం చూసి మార్చుకున్నారు?" అని మాత్రం అడగాలి. కొత్త ఆధారం వచ్చినప్పుడు అభిప్రాయం మార్చుకోవడం ఓడిపోవడం కాదని పిల్లలకి ఇంత తేలిగ్గా నేర్పే పని నాకింకోటి తెలీదు. ఖర్చు జిరాక్స్ డబ్బులే. ఒక పీరియడ్‌లో అయిపోతుంది. చిన్న పిల్లలకి మాత్రం ఇది బోరు కొడుతుంది. ఎముకల పేర్లు, కీళ్ళ సంగతి కొంచెమైనా తెలిసి ఉండాలి.

పేడ శిలాజం

చిన్న తరగతులకి దీన్ని మించింది లేదు. డైనోసార్ పేడ కూడా శిలాజమవుతుందని చెప్పగానే క్లాసంతా నవ్వులే. ఆ నవ్వుల్లోనే అసలు పాఠం చెప్పేయొచ్చు.

మట్టి ముద్దల్లో రకరకాలవి కలిపి ఎండబెట్టండి. కొన్నిట్లో గడ్డి పరకలు, నువ్వులు, చింతగింజలు. కొన్నిట్లో గుడ్డు పెంకు ముక్కలు, చేపముళ్ళు. ముళ్ళు గుచ్చుకుంటాయనుకుంటే విరిచిన అగ్గిపుల్లలు వేసి అవే ఎముకలనుకోమనండి. పిల్లలు ఒక్కో ఉండ పగలగొట్టి, లోపల దొరికినవి కాగితం మీద విడదీసి, "ఇది ఏం తిన్నది?" అన్నదానికి జవాబు రాయాలి. ఒక ఉండలో గడ్డీ, పెంకూ రెండూ కలపండి. అక్కడే వాదన పుడుతుంది.

దీనికి తోడు చెప్పడానికి నిజమైన కథ మన పొరుగునే ఉంది. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని పిస్‌దురాలో దొరికిన పేడ శిలాజాలని భారత శాస్త్రవేత్తలు, స్వీడన్ శాస్త్రవేత్త ఒకరు కలిసి పరిశీలించి 2005లో ఫలితం ప్రకటించారు. అందులో గడ్డిజాతి మొక్కల్లో ఉండే సూక్ష్మమైన సిలికా రేణువులు కనిపించాయి. అప్పటిదాకా డైనోసార్ల కాలంలో గడ్డి దాదాపు లేదనే అనుకునేవారు. పేడ ముక్క ఆ అభిప్రాయాన్ని మార్చేసింది. తాము పగలగొట్టిన ఉండకీ ఆ పరిశోధనకీ పెద్ద తేడా లేదని తెలిసినప్పుడు మూడో తరగతి పిల్లలు ఎంత గర్వపడతారో చూడాల్సిందే.

కాలం చూపించేవి: తాడా, గోడ మీద కాగితమా?

కోట్ల సంవత్సరాలు అన్న మాట పిల్లలకి చెవిలో పడి వెళ్ళిపోతుంది. పెద్దవాళ్ళకైనా అంతే. దూరంగా మార్చి చూపిస్తే తప్ప ఒంటపట్టదు.

పురికొస తాడు తీసుకోండి. ఒక సెంటీమీటరుకి 10 లక్షల ఏళ్ళు. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు కాబట్టి 45 మీటర్ల 40 సెంటీమీటర్ల తాడు కావాలి. గ్రౌండులో ఒక కొస భూమి పుట్టుక, ఇంకో కొస ఈ రోజు. ఈ రోజు దగ్గర నుంచి వెనక్కి కొలుస్తూ రంగు కాగితాలు కట్టించండి. జీవం ఉందనడానికి దొరికిన బాగా పాత ఆనవాళ్ళు 35 మీటర్ల దూరంలో. కడప ప్రాంతపు సున్నపురాళ్ళలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లు సుమారు 19 మీటర్ల దగ్గర. డైనోసార్లు మొదలయ్యేది దాదాపు 2 మీటర్ల 30 సెంటీమీటర్ల దగ్గర. మన బరపాసారస్ 1 మీటరు 80 సెంటీమీటర్ల ప్రాంతంలో. స్టెగోసారస్ ఒకటిన్నర మీటరు దగ్గర. పక్షులు తప్ప మిగతా డైనోసార్లు అంతరించిపోయింది 66 సెంటీమీటర్ల దగ్గర. టీ. రెక్స్ కాగితం కూడా ఆ పక్కనే కట్టించండి. దక్కను పీఠభూమి నల్లరాళ్ళని పోసిన లావా ప్రవాహాల్లో ఎక్కువ భాగం కూడా ఆ చుట్టుపక్కలదే. మనలాంటి మనుషులు చివరి 3 మిల్లీమీటర్లు.

తాడు మీద ఒకసారి స్టెగోసారస్, టీ. రెక్స్ కాగితాలు చూడమనండి. బొమ్మల్లో రెండూ పోట్లాడుకుంటుంటాయి. కాలంలో మాత్రం టీ. రెక్స్‌కి స్టెగోసారస్ కంటే మనమే దగ్గర. పిల్లలు నమ్మరు, స్కేలు తెచ్చి వాళ్ళే కొలుస్తారు. కొలవనివ్వండి.

గ్రౌండు లేని స్కూళ్ళలో ఇదే లెక్క మిల్లీమీటర్లలో చేయొచ్చు. నాలుగున్నర మీటర్ల కాగితం గోడకి అంటిస్తే చాలు, డైనోసార్ల మొదలు 23 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. గోడ మీదైతే ఏడాదంతా ఉంటుంది, మిగతా పాఠాల్లో కూడా వేలు పెట్టి చూపించొచ్చు. కానీ మనుషుల వాటా గీతంత కూడా ఉండదు. పైగా తాడు వెంట నడిచినప్పుడు కలిగే ఆశ్చర్యం దీంట్లో రాదు. ఎంతసేపు నడిచినా ఒక్క జంతువూ రాకపోవడమే ఆ తాడు చెప్పే పెద్ద సంగతి. గుల్లలున్న జంతువులు విరివిగా కనబడేది చివరి ఐదున్నర మీటర్లలోనే. గ్రౌండు ఉంటే తాడే పరవండి. నాలుగో తరగతి కంటే చిన్నవాళ్ళకి మాత్రం ఈ రెండూ వద్దు. వాళ్ళకి ఇంకా వెయ్యి అన్నదే పెద్ద సంఖ్య.

గ్రౌండులోకి ఎలాగూ వెళ్ళారు కాబట్టి ఇంకో పని. బరపాసారస్ తొడ ఎముక దాదాపు 1.7 మీటర్ల పొడవు. దాన్ని నేల మీద సుద్దతో గీసి, పక్కన పిల్లల్ని ఒక్కొక్కరినీ పడుకోమనండి. ఐదో తరగతిలో చాలామంది ఆ ఎముక కంటే పొట్టిగానే ఉంటారు. తర్వాత సుమారు 14 మీటర్లు అడుగులేసుకుంటూ మొత్తం జంతువుని గీయించండి. సైజు చెప్పడానికి ఏ త్రీడీ వీడియో అయినా దీని తర్వాతే.

అడుగుజాడలు

లెక్కల టీచర్, సైన్స్ టీచర్ కలిసి చేయదగ్గది ఇది. జంతుశాస్త్రవేత్త మెక్‌నీల్ అలెగ్జాండర్ 1976లో చెప్పిన సూత్రం ప్రకారం డైనోసార్ పాదం పొడవుని నాలుగుతో హెచ్చిస్తే నేల నుంచి తుంటి దాకా ఎత్తు ఉజ్జాయింపుగా వస్తుంది. అంటే అరమీటరు అడుగు దొరికితే ఆ జంతువు తుంటి రెండు మీటర్ల ఎత్తున ఉండేదన్నమాట. పిల్లలు ముందు తమ పాదాలూ తుంటి ఎత్తూ కొలిచి పట్టిక వేసి, మనుషులకి ఆ సంఖ్య ఎంత వస్తుందో చూస్తారు. నాలుగుకి కొంచెం తక్కువ వస్తుంది. అందరికీ ఒకేలా రాదు కూడా. ఉజ్జాయింపు అంటే ఏమిటో ఆ పట్టికే చెబుతుంది.

తర్వాత నడక, పరుగు. తడి కాళ్ళతో నడిపిస్తే ఎండకి నిమిషంలో ఆరిపోతుంది. ముగ్గుపిండి పల్చగా చల్లి దాని మీద నడిపించండి, జాడలు కదలకుండా ఉంటాయి. కుడికాలు పడ్డ చోటు నుంచి మళ్ళీ కుడికాలు పడ్డ చోటుకి దూరం కొలిచి, తుంటి ఎత్తుతో భాగించాలి. రెండు లోపు వస్తే నడక, మూడుకి దగ్గరగా గానీ ఆపైన గానీ వస్తే పరుగు. ఒక జట్టు జాడలు వేసి వెళ్ళిపోవాలి. ఇంకో జట్టు వచ్చి, చూడకుండానే ఎవరు నడిచారో ఎవరు పరిగెత్తారో చెప్పాలి.

పల్లెటూరి స్కూలైతే వాన వెలిసిన మర్నాడు బురదలో కోడి అడుగులు వెతికించండి. ముందుకి మూడు వేళ్ళు, చివర గోళ్ళ గుంటలు. మాంసాహార డైనోసార్ల అడుగులు కూడా ఆ మూడు వేళ్ళవే. పక్షులు డైనోసార్ల వంశమేనని చెప్పడానికి ఇంతకంటే దగ్గర్లో ఉదాహరణ దొరకదు. కొందరు టీచర్లు ఉడికించి శుభ్రం చేసిన కోడి ఎముకలు తెప్పిస్తారు. పోలిక చూపించడానికి అవి నిజంగా బాగుంటాయి. కానీ మాంసం ముట్టని ఇళ్ళ పిల్లలు క్లాసులో ఉంటారు. ముందు అడిగి, ఇబ్బంది ఉందంటే బొమ్మలతో సరిపెట్టడం మర్యాద.

బొమ్మల ప్యాకెట్లు, వీడియోలు

బజార్లో దొరికే డైనోసార్ బొమ్మల ప్యాకెట్‌ని అలాగే చేతికిచ్చేయకుండా, అందులో డైనోసార్లు కానివి ఏరమనండి. ఎగిరే టెరోసార్, ఈదే ప్లీసియోసార్, వీపున తెరచాప ఉన్న డైమెట్రోడాన్ దాదాపు ప్రతి ప్యాకెట్‌లోనూ ఉంటాయి. ఇవేవీ డైనోసార్లు కావు. డైమెట్రోడాన్ అయితే డైనోసార్ల కంటే ముందే అంతరించింది, పైగా క్షీరదాల వైపు చుట్టం. ఉడుము, మొసలి కాళ్ళు పక్కలకి చాచినట్టుంటాయి. డైనోసార్ కాళ్ళు ఒంటి కింద స్తంభాల్లా నిలబడతాయి. ఒకటో తరగతి పిల్లలు కూడా ఈ తేడా పట్టేస్తారు.

వీడియోలు పది నిమిషాలకి మించి వద్దు, అదీ పనులన్నీ అయ్యాక. వీడియోలో చర్మం రంగు, అరుపు, కోపం అన్నీ చూపిస్తారు. ఏది ఎముకల నుంచి తెలిసింది, ఏది బొమ్మ గీసినవాళ్ళ ఊహ అని ఆపి ఆపి అడిగితే అప్పుడు ఉపయోగం.

మ్యూజియంకి వెళ్ళగలిగితే

హైదరాబాద్‌కి ఒక్క రోజులో వెళ్ళి రాగలిగిన స్కూళ్ళయితే బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్‌ని చూపించాలి. అందులో నాకు రెండో మాట లేదు. కోల్‌కతా వెళ్ళే అవకాశం ఉన్న కుటుంబాలు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బరపాసారస్‌ని, గుజరాత్ వెళ్ళేవాళ్ళు బాలాసినోర్ దగ్గరి రైయోలీలో డైనోసార్ గుడ్ల చోటుని చూడొచ్చు. రాజాసారస్ అనే మాంసాహార డైనోసార్ ఎముకలు దొరికింది కూడా ఆ రైయోలీలోనే. దానికి 2003లో పేరు పెట్టారు.

కానీ బస్సు ఖర్చు, పర్మిషన్లు, భోజనాలు, పిల్లల్ని లెక్కపెట్టుకోవడం కలిపితే ఇది అన్నిటికంటే భారమైన ఎంపిక. ముందు క్లాసులో ఏమీ చేయించకుండా తీసుకెళ్తే ఫోటోలు దిగి వచ్చేస్తారు. తవ్వకం ట్రేనో ఎముకల కవరో అయ్యాక తీసుకెళ్తే అస్థిపంజరం ముందు నిలబడి "దీనికి తల ఎక్కడిది? దొరకలేదన్నారు కదా?" అని అడుగుతారు. చేతిలో ఒక కాగితం ఇచ్చి మూడు పనులే చెప్పండి: ఒక ఎముక దగ్గరగా చూసి గీయాలి, దొరకని భాగం ఏదో కనుక్కోవాలి, అక్కడి సిబ్బందిని ఒక ప్రశ్న అడగాలి. ఎక్కువ రాయిస్తే పిల్లలు కాగితంలోకే చూస్తారు, పైకి చూడరు.

నేనైతే ఇలా ఎంచుకుంటాను

ఒకటి నుంచి మూడు తరగతులకి పేడ శిలాజం, బొమ్మల ప్యాకెట్ ఏరడం. నాలుగు, ఐదు తరగతులకి తాడు, తొడ ఎముక బొమ్మ, ఎండలు బాగుంటే స్పాంజి. ఆరు నుంచి ఎనిమిదికి ఎముకల కవరు, అడుగుజాడల లెక్క. క్లాసులో ముప్పై లోపు పిల్లలుండి ఇంకో టీచర్ తోడుంటే తవ్వకం ట్రే. ఐదు తరగతులకీ ఒకే టీచర్ ఉన్న బడిలో తాడు పరిచేయండి. పెద్దపిల్లలు కొలుస్తారు, చిన్నపిల్లలు కాగితాలు పట్టుకుని నిలబడతారు, అందరికీ పని ఉంటుంది. చేతిలో ఒకే పీరియడ్ ఉండి, బడ్జెట్ అసలే లేకపోతే ఎముకల కవరు. రేపటి క్లాసు కోసం ఈ రాత్రి ఒక కోడి ఎముకల బొమ్మ గీసి, కత్తిరించి, పుర్రె మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.